ప్రోస్టేట్ క్యాన్సర్ కణజాలానికీ ఆరోగ్యంగా ఉన్న కణజాలానికీ మధ్య జీన్ ఎక్స్‌ప్రెషన్ తేడాలు: సరిగ్గా పట్టుకోవడం ఎలా?

"టీసీజీఏ నుంచి డేటా దించుకున్నాం, డీసెక్2 నడిపాం, వేల జీన్లు వచ్చాయి. ఇప్పుడేం చేయాలి?" ఎంఎస్సీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లూ పీహెచ్‌డీ మొదలుపెట్టినవాళ్లూ నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. (టీసీజీఏ అంటే క్యాన్సర్ కణితుల జన్యు డేటాను అందరికీ అందించే అమెరికా ప్రాజెక్టు. డీసెక్2 అంటే రెండు గుంపుల మధ్య జీన్ ఎక్స్‌ప్రెషన్‌ను, అంటే ఒక్కో జీన్ నుంచి ఎంత ఆర్‌ఎన్‌ఏ తయారవుతోందన్నదాన్ని పోల్చే సాఫ్ట్‌వేర్.) దీనికి జవాబు చివర్లో దొరకదు, మొదట్లోనే ఉంటుంది. అసలు మీరు దేన్ని దేనితో పోల్చారు?

ప్రోస్టేట్ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్ ముక్కలో నునుపు కండరం, ఫైబ్రోబ్లాస్టులు (కణజాలాన్ని కలిపి ఉంచే కణాలు) చాలా ఉంటాయి. వాటి మధ్యలో గ్రంథి గొట్టాలు, ఒక్కో గొట్టానికి లోపల ల్యూమినల్ కణాలు, వాటి చుట్టూ బేసల్ కణాల పొర. క్యాన్సర్ పెరిగిన చోట బేసల్ పొర పోతుంది, కండరం పలచబడుతుంది, ల్యూమినల్ తరహా కణాలు కిక్కిరిసిపోతాయి. కాబట్టి మీకు వచ్చిన జాబితాలో చాలా జీన్లు "క్యాన్సర్ కణం ఎలా మారింది" అని చెప్పవు, "ఈ ముక్కలో ఏ కణాలు ఎన్ని ఉన్నాయి" అనే చెబుతాయి. ఈ రెండింటినీ విడదీయడమే అసలు పని.

ఆర్ అనే గణాంక ప్రోగ్రామింగ్ భాషలో కమాండ్లు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి ఇక్కడ కోడ్ ఇవ్వడం లేదు. ఏది ముందు చేయాలి, ఎక్కడ ఆగి చూసుకోవాలి అన్నదే రాస్తున్నాను.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"క్యాన్సర్‌లో ఏ జీన్లు మారతాయి?" అన్నది ప్రశ్న కాదు. "శస్త్రచికిత్సలో తీసిన, చికిత్స ఇంకా మొదలుకాని ప్రాథమిక కణితిలో, అదే మనిషి ప్రోస్టేట్‌లోని క్యాన్సర్ లేని భాగంతో పోలిస్తే ఏ జీన్ల ఆర్‌ఎన్‌ఏ పెరిగింది, ఏవి తగ్గాయి?" ఇది ప్రశ్న. హార్మోన్ చికిత్స తీసుకున్నవాళ్ల శాంపిళ్లు ఇందులో కలిస్తే ఆండ్రోజెన్ మీద ఆధారపడే జీన్లన్నీ తగ్గినట్టు కనిపిస్తాయి. అది క్యాన్సర్ చేసిన పని కాదు, మందు చేసిన పని.

2. "ఆరోగ్యంగా ఉన్న" కణజాలం ఏదో తేల్చుకోండి

ఎక్కువమంది పట్టించుకోని మెట్టు ఇదే. ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్ పేరుతో సాధారణంగా నాలుగు రకాల కణజాలం వాడతారు.

కణితి పక్కన ఉన్న భాగం: అదే మనిషిది కాబట్టి వయసు, వంశం, ఆపరేషన్ పరిస్థితులు అన్నీ సమానం. ఇబ్బంది ఏమిటంటే, మైక్రోస్కోప్‌లో మామూలుగా కనిపించినా క్యాన్సర్ పక్కనున్న కణజాలంలో కొన్ని మార్పులు అప్పటికే మొదలై ఉండవచ్చు. అందువల్ల నిజమైన తేడా కాస్త తక్కువగా కనిపిస్తుంది.

బీపీహెచ్ (వయసుతో వచ్చే, క్యాన్సర్ కాని ప్రోస్టేట్ పెరుగుదల) కణజాలం: మూత్రం అడ్డు తొలగించే ఆపరేషన్‌లో వచ్చే ముక్కలివి. సులువుగా దొరుకుతాయి, కానీ బీపీహెచ్ పెరిగేది మూత్రనాళం చుట్టూ ఉండే ట్రాన్సిషన్ జోన్‌లో. క్యాన్సర్లలో దాదాపు 70 శాతం పుట్టేది బయటివైపు ఉండే పెరిఫెరల్ జోన్‌లో. అప్పుడు మీరు క్యాన్సర్‌నూ జోన్‌నూ కలిపి కొలుస్తున్నారు. పైగా కరెంటు తీగతో కోసిన ముక్కల్లో ఆర్‌ఎన్‌ఏ వేడికి దెబ్బతింటుంది.

మూత్రాశయ క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసినప్పుడు దాంతోపాటు తీసిన ప్రోస్టేట్: మంచి ఎంపికే. అయితే అందులో అనుకోకుండా ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడటం అరుదు కాదు. పాథాలజిస్టు మొత్తం గ్రంథిని చూసి ధ్రువీకరించాలి.

జీటెక్స్ (మామూలు కణజాలాల్లో జీన్ ఎక్స్‌ప్రెషన్ కొలిచిన అమెరికా ప్రాజెక్టు) వంటి మరణానంతర దాతల శాంపిళ్లు: ఎనిమిదో విడుదలలో 245 ప్రోస్టేట్ శాంపిళ్లు ఉన్నాయి. క్యాన్సర్ రోగుల నుంచి వచ్చినవి కావు, అది మంచిదే. కానీ చనిపోయాక గంటలు గడిచిన కణజాలం, వేరే ల్యాబ్, వేరే సీక్వెన్సింగ్. క్యాన్సర్లన్నీ ఒక ప్రాజెక్టు నుంచి, నార్మల్స్ అన్నీ ఇంకో ప్రాజెక్టు నుంచి తెస్తే, వచ్చిన తేడా క్యాన్సర్‌దో ల్యాబ్‌దో ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. ల్యాబ్ తేడాలను సరిదిద్దే కాంబాట్ పెట్టినా అంతే.

నా సలహా: మొదటి విశ్లేషణకు అదే మనిషి జతలనే వాడండి. జీటెక్స్‌ను తర్వాత సాక్ష్యంగా తెచ్చుకోండి. అప్పుడు కూడా రెండు డేటాలను ఒకే పైప్‌లైన్‌లో మళ్లీ లెక్కించిన రూపంలో తీసుకోండి. టీసీజీఏ నార్మల్స్‌కూ జీటెక్స్ నార్మల్స్‌కూ మధ్యే బాగా తేడా చూపే జీన్లను అనుమానించండి.

3. సొంత శాంపిళ్లయితే పని ఆపరేషన్ థియేటర్‌లోనే మొదలవుతుంది

పబ్లిక్ డేటా మాత్రమే వాడేవాళ్లు ఈ భాగం దాటేయవచ్చు. కానీ ఒకసారి చదివితే డేటాలో కనిపించే కొన్ని వింతలకు కారణం తెలుస్తుంది.

ప్రోస్టేట్ తీసే ఆపరేషన్‌లో రక్తనాళాలను ముందే కట్టేస్తారు, గ్రంథి బయటికి రావడానికి సమయం పడుతుంది. రోబోటిక్ సర్జరీలో గ్రంథి విడివడ్డాక కూడా సంచిలో కడుపులోనే ఉండి చివర్లో బయటికొస్తుంది. ఆ వ్యవధిలో కణాలు బతికే ఉంటాయి, ఒత్తిడికి స్పందిస్తూనే ఉంటాయి. ఎఫ్‌ఓఎస్, జూన్, ఈజీఆర్1 వంటి జీన్లు ఇలాంటప్పుడు ఎగసిపడతాయి. మీ జాబితా పైభాగంలో ఇవి కనిపిస్తే ముందు శాంపిల్ సేకరణ సమయాలు తిరగేయండి.

చెక్‌లిస్టు:
- ఇన్‌స్టిట్యూషనల్ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. మన దగ్గర తెలుగు, ఉర్దూ రెండూ సిద్ధంగా ఉంచుకోండి.
- కణితి, నార్మల్ ముక్కలు రెండూ ఒకే వ్యక్తి, ఒకే పద్ధతిలో తీయాలి.
- ముక్క ఏ జోన్‌దో రాయాలి.
- గ్రంథి బయటికి వచ్చిన సమయం, ముక్క ద్రవ నైట్రోజన్‌లో పడిన సమయం రెండూ రాయాలి. తర్వాత మైనస్ 80 డిగ్రీల్లో భద్రపరచాలి.
- ప్రతి ముక్క అంచు నుంచి ఒక స్లైడు తీసి పాథాలజిస్టుకు చూపించాలి. కణితిలో క్యాన్సర్ కణాల శాతం, గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ ఎంత తీవ్రంగా కనిపిస్తోందో చెప్పే అంకె) రాయించుకోవాలి. నార్మల్ ముక్క నుంచి కూడా తప్పనిసరిగా స్లైడు తీయాలి.
- ఆర్‌ఎన్‌ఏ తీసేటప్పుడు ఒకరోజు అన్నీ కణితులు, మర్నాడు అన్నీ నార్మల్స్ చేయకూడదు. జతను ఎప్పుడూ విడదీయకండి.

పారఫిన్ బ్లాకుల నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏ ముక్కలుముక్కలుగా ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే ఆర్‌ఐఎన్ సంఖ్య దానికి పెద్దగా ఉపయోగపడదు, డీవీ200 (200 న్యూక్లియోటైడ్లకు మించిన ముక్కల శాతం) చూడండి. లైబ్రరీ (సీక్వెన్సింగ్‌కు ఇచ్చే నమూనా) తయారీకి ఆర్‌ఎన్‌ఏ చివరి తోకను పట్టుకునే పాలీ-ఏ పద్ధతి వద్దు, రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను తొలగించే పద్ధతి వాడండి.

4. డేటా దించుకోవడం, బార్‌కోడ్ చదవడం

టీసీజీఏలో ప్రోస్టేట్ ప్రాజెక్టు పేరు ప్రాడ్. అందులో ప్రాథమిక కణితులు సుమారు 500, పక్క కణజాలం శాంపిళ్లు 52. టీసీజీఏ డేటా దొరికే జీడీసీ పోర్టల్‌లో "స్టార్ కౌంట్స్" ఫైళ్లు తీసుకోండి.

ఒక ఫైలు తెరిచి కళ్లతో చూడండి. పై వరసల్లో జీనోమ్‌లో చోటు దొరకని, అంటే మ్యాప్ కాని రీడ్లు (సీక్వెన్సర్ చదివిన ముక్కలు), ఒకటికంటే ఎక్కువ చోట్ల మ్యాప్ అయినవి ఇలా నాలుగు లెక్కలుంటాయి. అవి జీన్లు కావు, తీసేయాలి. తర్వాత 60,660 జీన్లు. పక్కన చాలా కాలమ్‌లుంటాయి. వాటిలో "అన్‌స్ట్రాండెడ్" అన్న ముడి కౌంట్ల (జీన్‌కు ఎన్ని రీడ్లు పడ్డాయన్న లెక్క) కాలమ్ మీకు కావాలి. జీన్ పొడవుకు సర్దుబాటు చేసిన టీపీఎం, ఎఫ్‌పీకేఎం కాలమ్‌లు డీసెక్2కి ఇవ్వకూడదు, దానికి పూర్ణసంఖ్యల్లోని ముడి కౌంట్లే కావాలి.

టీసీజీఏలో ఒక్కో శాంపిల్‌కు ఇచ్చే బార్‌కోడ్‌లో మొదటి 12 అక్షరాలు మనిషిని చెబుతాయి. 14, 15 స్థానాల్లోని రెండంకెలు శాంపిల్ రకం: 01 అంటే ప్రాథమిక కణితి, 06 అంటే మరోచోటికి పాకిన కణితి, 11 అంటే నార్మల్ కణజాలం. 06 ఉన్నదాన్ని పక్కన పెట్టండి. ఒకే మనిషికి రెండు 01 శాంపిళ్లుంటే ఏది ఉంచాలో ముందే నియమం పెట్టుకోండి, ఫలితం చూశాక కాదు.

జీన్ ఐడీ చివర చుక్క తర్వాత ఉండే వెర్షన్ అంకెను తీసేటప్పుడు జాగ్రత్త. ఎక్స్, వై క్రోమోజోమ్‌లు రెండింట్లోనూ ఉండే కొన్ని జీన్లకు "పార్-వై" తోక ఉన్న వరస విడిగా ఉంటుంది. తోక కోసేస్తే ఒకే పేరుతో రెండు వరసలు మిగులుతాయి. ఆ వరసలను ముందే తొలగించండి.

ఫైళ్లను ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయవద్దు. పాత పేర్లున్న సెప్ట్2, మార్చ్1 వంటి జీన్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంది. ఈ బెడద వల్లే 2020లో వాటి అధికారిక పేర్లు మార్చారు, కానీ పాత డేటాసెట్లలో పాత పేర్లే ఉంటాయి.

5. లెక్కకు ముందు శాంపిళ్లను పరీక్షించండి

ముందు తేలికైనది. ప్రోస్టేట్ శాంపిళ్లన్నీ పురుషులవే, కాబట్టి స్త్రీల కణాల్లో పనిచేసే ఎక్సిస్ట్ జీన్ కౌంటు దాదాపు సున్నా ఉండాలి, వై క్రోమోజోమ్ మీది ఆర్‌పీఎస్4వై1 కనిపించాలి. ఎక్సిస్ట్ ఎక్కువగా ఉన్న శాంపిల్ దొరికితే అక్కడేదో తారుమారైందని అనుమానించాలి. రెండు నిమిషాల పని ఇది.

తర్వాత వీఎస్‌టీ చేసిన (చిన్న, పెద్ద కౌంట్లను పోల్చదగినట్టు మార్చిన) విలువలతో పీసీఏ గ్రాఫ్ గీయండి, అందులో ఒకేలా ఉన్న శాంపిళ్లు దగ్గరదగ్గరగా చేరతాయి. కణితి, నార్మల్ అని రంగులేస్తే సరిపోదు. అదే గ్రాఫ్‌ను ప్లేటు వారీగా, ఆసుపత్రి కోడ్ వారీగా, గ్లీసన్ స్కోరు వారీగా కూడా రంగులు మార్చి చూడండి.

నార్మల్ శాంపిళ్లు కొన్ని కణితుల గుంపులో కూర్చుంటాయి, కణితులు కొన్ని నార్మల్స్‌లో కలిసిపోతాయి. మొదటివాటిలో క్యాన్సర్ కణాలు కలిసి ఉండవచ్చు, రెండోవాటిలో క్యాన్సర్ శాతం బాగా తక్కువ ఉండవచ్చు. 2015లో వెలువడిన టీసీజీఏ ప్రోస్టేట్ పరిశోధనలో నాణ్యత చూసి 333 కణితులకే పరిమితమైంది ఇందుకే. మీరు తీసేసినవి ఉంటే ఎందుకు తీశారో రాసి పెట్టండి.

6. విశ్లేషణ ఈ వరుసలో

1. కౌంట్ల పట్టికలోని కాలమ్‌ల వరుస, శాంపిల్ వివరాల పట్టికలోని వరుస ఒకటేనా చూడండి. తేడా ఉంటే అంతా తప్పే, పైగా ఎర్రర్ రాకపోవచ్చు.

2. కౌంట్లు బాగా తక్కువ ఉన్న జీన్లను తీసేయండి. 52 జతలు వాడుతుంటే, కనీసం 52 శాంపిళ్లలో 10 అయినా కౌంటు ఉన్నవి ఉంచడం మంచి నియమం.

3. రిఫరెన్స్‌ను (దేనితో పోల్చాలో ఆ గుంపును) మీరే పెట్టండి. ఆర్ అక్షరక్రమంలో మొదటి పేరునే రిఫరెన్స్‌గా తీసుకుంటుంది. టీసీజీఏలో పేర్లు "ప్రైమరీ ట్యూమర్", "సాలిడ్ టిష్యూ నార్మల్". ఇంగ్లిష్ అక్షరక్రమంలో ప్రైమరీ ముందొస్తుంది, అంటే కణితే రిఫరెన్స్ అవుతుంది. పెరిగినవన్నీ తగ్గినట్టు, తగ్గినవన్నీ పెరిగినట్టు వస్తాయి. ఒకసారి నాకే ఇలా జరిగింది. పాత్‌వేల (ఒకే పనిలో కలిసి పాల్గొనే జీన్ల గుంపుల) గ్రాఫ్ దాకా వెళ్లాక గాని తెలియలేదు, రెండు రోజుల పని మళ్లీ చేశాను.

4. డిజైన్‌లో మనిషిని కూడా పెట్టండి: పేషెంట్ + టిష్యూ. ఇలా చేస్తే మనిషికీ మనిషికీ మధ్య తేడా లెక్కలోంచి పోయి, ఒకే మనిషిలో కణితికీ నార్మల్‌కీ ఉన్న తేడా మిగులుతుంది. జత లేని మిగతా 450 దాకా కణితులను పారేయకండి, ఈ వ్యాసంలోని 8, 9 భాగాల్లో అవే పనికొస్తాయి.

5. డీసెక్2, ఎడ్జ్‌ఆర్, లిమ్మా-వూమ్ ఈ మూడింట్లో ఏదైనా సరే. ఒకటి ఎంచుకుని దాన్నే పాటించండి. మూడూ నడిపి నచ్చిన ఫలితం తీసుకోవడం సరికాదు.

6. పీ-వాల్యూ కాదు, సవరించిన పీ-వాల్యూ చూడండి. 20,000 జీన్లను పరీక్షించి 0.05 గీత పెడితే, అసలు ఏ తేడా లేకపోయినా దాదాపు 1,000 జీన్లు గీత దాటతాయి. బెంజమిని-హాక్‌బర్గ్ సవరణ ఉన్నది దానికే.

7. 52 జతలంటే చిన్న తేడా కూడా "సిగ్నిఫికెంట్" అయిపోతుంది. కాబట్టి తేడా సైజుకూ గీత పెట్టండి. లాగ్2 విలువ 1 అంటే రెట్టింపు, 3 అంటే 8 రెట్లు. టెస్టు అయ్యాక వడకట్టడం కాకుండా, టెస్టులోనే ఆ హద్దు ఇవ్వండి.

8. సవరణకు ముందున్న పీ-వాల్యూల హిస్టోగ్రామ్ గీయండి. సున్నా దగ్గర ఎత్తుగా, తర్వాత చదునుగా ఉండాలి. మధ్యలో గుట్టలా లేస్తే డిజైన్‌లోకి రాని ఏదో ప్రభావం డేటాలో దాగి ఉంది.

7. తెలిసిన జీన్లతో సరిచూసుకోండి

కొత్త జీన్ల గురించి సంబరపడే ముందు పాతవాళ్లను పలకరించండి.

- అమాకర్, పీసీఏ3, హెప్సిన్ (హెచ్‌పీఎన్), డీఎల్ఎక్స్1, హాక్స్-సీ6: కణితిలో స్పష్టంగా పెరగాలి.
- జీఎస్‌టీపీ1, టీపీ63, కేఆర్‌టీ5: తగ్గాలి.
- కేఎల్‌కే3: పెద్దగా పెరగకూడదు.

చివరిది చాలామందిని తికమక పెడుతుంది. కేఎల్‌కే3 జీన్ నుంచి తయారయ్యే ప్రోటీనే పీఎస్ఏ. రక్తంలో పీఎస్ఏ పెరిగితే క్యాన్సర్ అనుమానిస్తాం కదా, మరి కణితిలో జీన్ పెరగదా అని అడుగుతారు. ఆరోగ్యంగా ఉన్న ల్యూమినల్ కణాలు కూడా పీఎస్ఏను విపరీతంగా తయారుచేస్తాయి, కానీ అది గొట్టాల్లోకి పోతుంది. క్యాన్సర్‌లో ఆ గొట్టాల కట్టడి చెదిరి రక్తంలోకి చేరుతుంది. రక్తంలో పెరుగుదలకు ప్రధాన కారణం ఈ లీకేజీ, జీన్ ఎక్కువ పనిచేయడం కాదు.

అమాకర్ తగ్గినట్టు వస్తే ఇంకేమీ చూడకుండా ఆరో భాగంలోని మూడో అంశానికి (రిఫరెన్స్) వెనక్కి వెళ్లండి.

8. కణాల కలయిక వల్ల వచ్చిన తేడాను వేరు చేయండి

ఒక విద్యార్థిని తన జాబితాతో వచ్చింది. బాగా తగ్గిన జీన్లలో ఎంవైహెచ్11, డెస్మిన్, ఏసీటీజీ2, సీఎన్ఎన్1 ఉన్నాయి. "ఇవి క్యాన్సర్‌ను అణిచే జీన్లు" అని థీసిస్‌లో రాసేసింది. నాలుగూ నునుపు కండరం జీన్లు. కణితి ముక్కలో కండరం తక్కువ ఉంది, అంతే.

లెక్క వేసి చూడండి. ఊరికే ఉదాహరణకు, నార్మల్ ముక్కలో కండర కణాలు 50 శాతం, కణితి ముక్కలో 15 శాతం అనుకుందాం. ఒక్కో కండర కణంలో ఎంవైహెచ్11 ఏమాత్రం మారలేదు. అయినా ముక్క మొత్తంలో అది 0.3 వంతుకు పడిపోతుంది, లాగ్2లో మైనస్ 1.74. మీరు పెట్టిన 1 హద్దును హాయిగా దాటేస్తుంది. పీ-వాల్యూ కూడా అద్భుతంగా ఉంటుంది, ఎందుకంటే దాదాపు ప్రతి జతలోనూ ఇదే జరుగుతుంది.

విడదీయడానికి నేను పాటించే వరుస:

మొదట, జాబితాలోని జీన్లను కణాల గుర్తులతో పోల్చండి. హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్‌లో జీన్ పేరు కొడితే ప్రోస్టేట్‌లో ఏ కణాల్లో రంగు పడుతుందో స్లైడు బొమ్మలతో సహా కనిపిస్తుంది.

రెండోది, కణితులు మాత్రమే తీసుకోండి. ఆ 450 ఇక్కడ వాడండి. క్యాన్సర్ కణాల శాతం పెరిగేకొద్దీ ఈ జీన్ తగ్గుతోందా? అయితే అది స్ట్రోమా (గొట్టాల చుట్టూ ఉండే కండరం, ఫైబ్రోబ్లాస్టులు) నుంచి వచ్చే జీన్ కావచ్చు. శాతంతోపాటు పెరుగుతోందా? అయితే క్యాన్సర్ కణాల్లోదే అనడానికి బలం చేకూరింది. శాతం వివరాలు లేకపోతే ఎస్టిమేట్ ప్యాకేజీ ఇచ్చే స్ట్రోమల్ స్కోరు వాడవచ్చు.

మూడోది, పబ్లిక్‌గా ఉన్న సింగిల్ సెల్ (ఒక్కో కణాన్ని విడిగా కొలిచిన) డేటాలో చూడండి. ఆరోగ్యంగా ఉన్న ల్యూమినల్ కణంతో క్యాన్సర్ కణాన్ని పోల్చినప్పుడు కూడా తేడా నిలబడిందా?

క్యాన్సర్ శాతాన్ని నేరుగా డిజైన్‌లో కలిపేస్తే సరిపోదా అని అడుగుతారు. నార్మల్స్ అన్నింట్లో ఆ శాతం సున్నా, కణితుల్లో మాత్రమే ఎక్కువ. రెండూ ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. మోడల్ ఏదో ఒక అంకె ఇస్తుంది గానీ దాన్ని నమ్మలేం.

కొన్ని జీన్లలో రెండు కారణాలూ కలిసే ఉంటాయి. జీఎస్‌టీపీ1 మామూలుగా ఎక్కువగా బేసల్ కణాల్లో ఉంటుంది, వాటితోపాటు కొంత పోతుంది. దాంతోపాటు క్యాన్సర్ కణాల్లో దాని ప్రమోటర్ (జీన్‌ను ఆన్ చేసే భాగం) మీద మిథైల్ గుంపులు చేరి జీన్ మూతపడుతుంది. ఇలాంటిచోట టీసీజీఏలోనే ఉన్న మిథైలేషన్ డేటా కూడా తెచ్చి చూపిస్తే వాదన గట్టిగా ఉంటుంది.

9. సగటులో దాక్కునే జీన్లు

2005లో బయటపడిన టీఎంపీఆర్ఎస్ఎస్2-ఎర్గ్ కలయిక (రెండు జీన్లు తెగి ఒకదానితో ఒకటి అతుక్కోవడం) పాశ్చాత్య దేశాల పురుషుల కణితుల్లో దాదాపు సగంలో ఉంటుంది. ఉన్నచోట ఎర్గ్ ఎన్నో రెట్లు పెరుగుతుంది, లేనిచోట అలాగే ఉంటుంది. స్పింక్1 అయితే సుమారు పదో వంతు కణితుల్లోనే పెరుగుతుంది. సగటు తేడా చూసే టెస్టుకు ఇలాంటివి సరిగా అందవు. పైగా జతలు వాడకుండా గ్రూపులుగా పోల్చినప్పుడు, డీసెక్2 విడిగా ఎగిసిన కౌంట్లను తప్పుడు విలువలుగా భావించి మార్చేసే అవకాశం ఉంది.

అందుకే ముఖ్యమైన జీన్లకు ప్రతి శాంపిల్‌ను ఒక్కో చుక్కగా గీయండి, బార్ గ్రాఫ్ వద్దు. చుక్కలు రెండు గుంపులుగా విడిపోతే కణితులను ఆ గుంపుల వారీగా విడిగా విశ్లేషించండి.

టీసీజీఏ కణితుల్లో అత్యధికం శ్వేతజాతీయులవి. చైనా, జపాన్ పురుషుల్లో ఎర్గ్ కలయిక తక్కువ. మన రోగుల శాంపిళ్లతో పనిచేసేటప్పుడు ఎర్గ్ నిష్పత్తి టీసీజీఏలాగే వస్తుందని అనుకోవద్దు, తక్కువ వచ్చిందని శాంపిళ్లు పాడయ్యాయనీ అనుకోవద్దు.

10. మిగతా పొరపాట్లు, సవరణలు

- పాత్‌వే విశ్లేషణలో బ్యాక్‌గ్రౌండ్‌గా మనిషి జీన్లన్నీ ఇవ్వడం. ప్రోస్టేట్‌లో కనిపించి, మీ వడపోత దాటిన జీన్లనే ఇవ్వండి. లేకపోతే ప్రోస్టేట్‌లో ఉండే పాత్‌వేలన్నీ ముఖ్యమైనవిగా కనిపిస్తాయి.
- మొత్తం శాంపిళ్లతో జీన్లు ఎంచుకుని, అవే శాంపిళ్లతో మెషీన్ లెర్నింగ్ మోడల్ కచ్చితత్వం చెప్పడం. జీన్ల ఎంపిక ట్రైనింగ్ భాగంలోనే జరగాలి. 99 శాతం కచ్చితత్వం వస్తే ఆనందించే ముందు ఇది చూసుకోండి.
- కణితికీ నార్మల్‌కీ తేడా ఉన్న జీన్‌ను "రోగి ఎంతకాలం బతుకుతాడో చెప్పే జీన్" అనడం. అవి రెండు వేర్వేరు ప్రశ్నలు.
- వేర్వేరు మైక్రోఅరే (సీక్వెన్సింగ్‌కు బదులు చిప్ మీద జీన్లను కొలిచే పాత పద్ధతి) డేటాసెట్లను కలిపి ఒకే పట్టిక చేయడం. ఒక్కోదాన్ని విడిగా విశ్లేషించి, ఫలితాల దిశ కలుస్తోందా లేదా చూడండి.

11. మరో పద్ధతిలో రుజువు

ఐదారు జీన్లు ఎంచుకుని, డేటాలో లేని కొత్త శాంపిళ్లలో క్యూపీసీఆర్ (ఒక్కో జీన్ ఆర్‌ఎన్‌ఏను విడిగా కొలిచే పరీక్ష) చేయండి. రిఫరెన్స్‌గా జీఏపీడీహెచ్ ఒక్కదాన్నే పెట్టుకోవద్దు, చక్కెరను శక్తిగా మార్చే ఆ జీన్ క్యాన్సర్‌లో తానే మారవచ్చు. కనీసం రెండు మూడు రిఫరెన్స్ జీన్లు తీసుకుని, మీ శాంపిళ్లలో అవి నిలకడగా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.

ఆర్‌ఎన్‌ఏ మారితే ప్రోటీన్ మారాలని లేదు. కాబట్టి వీలైతే స్లైడు మీద ఇమ్యునో స్టెయినింగ్ (ఎంచుకున్న ప్రోటీన్ ఉన్నచోట రంగు పడేలా చేసే పరీక్ష) చేయించండి. మీ కాలేజీకి దగ్గర్లో పాథాలజీ విభాగం ఉంటే ఒకరోజు వెళ్లి, అమాకర్, పీ63 (టీపీ63 జీన్ ప్రోటీన్), బేసల్ కణాల్లో ఉండే హై మాలిక్యులర్ వెయిట్ కెరటిన్ మూడూ కలిపి వేసిన ప్రోస్టేట్ స్లైడు చూపించమని అడగండి. బయాప్సీలో అనుమానం వచ్చినప్పుడు వాళ్లు తరచూ వాడేదే ఇది. మామూలు గొట్టం చుట్టూ బేసల్ కణాల గోధుమరంగు వలయం ఉంటుంది. పక్కనే క్యాన్సర్ గొట్టాల చుట్టూ ఆ వలయం ఉండదు, లోపలి కణాల్లో అమాకర్ రంగు చిక్కగా పడుతుంది. మీ పట్టికలో టీపీ63 ఎదుట ఉన్న మైనస్, అమాకర్ ఎదుట ఉన్న ప్లస్ రెండూ ఒకే స్లైడులో పక్కపక్కనే కనిపిస్తాయి: ఒకటి కణాలు మాయమవడం వల్ల వచ్చింది, రెండోది కణం మారడం వల్ల వచ్చింది.